బుడమేరుకూ ఒక 43, 48, 53 కావాలి

గోదావరి పొంగుతోందంటే భద్రాచలంలో ఎవరూ క్యూసెక్కుల లెక్క అడగరు. ‘ఎన్ని అడుగులుంది?’ అంటారు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ మూడు అంకెలూ ఆటో డ్రైవర్‌కూ తెలుసు, గుడి దగ్గర కొబ్బరికాయలమ్మే ఆమెకూ తెలుసు. 2022 జులైలో గోదావరి అక్కడ 71.3 అడుగులకు చేరింది. 1986 నాటి 75.6 అడుగుల తర్వాత అంతటి వరద అదే. ఊరి కాలనీలు మునిగాయి, పంటలు పోయాయి. అయినా నది ఎంత ఎత్తుకు వస్తే తమ వీధికి నీళ్లు వస్తాయో జనానికి ముందే తెలుసు కాబట్టి కదలడానికి సమయం దొరికింది.

రెండేళ్ల తర్వాత, 2024 సెప్టెంబరు 1 ఆదివారం విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబేకాలనీల్లో చాలామంది నీళ్ల చప్పుడుకు నిద్ర లేచారు. ఆ నీరు కృష్ణానదిది కాదు, బుడమేరుది. మైలవరం వైపు కొండల్లో పుట్టి, నగరం మీదుగా సాగి కొల్లేరులో కలిసే వాగు అది. ఎండాకాలంలో చూస్తే మురుగు కాలువ అనిపిస్తుంది. కృష్ణకు ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకు రెండో హెచ్చరిక ఉన్నాయి. బుడమేరుకు మాత్రం సింగ్‌నగర్ వాసికి అర్థమయ్యే గీత ఒక్కటీ లేదు. మన విపత్తు వ్యవస్థలో అసలు లోపం ఇక్కడే ఉంది. పడవలు, హెలికాప్టర్లు, డ్రోన్ల సంఖ్య గురించి ఎంత చర్చించినా, వాగులో నీటి మట్టానికీ వీధిలో మనిషికీ మధ్య ముందే రాసిపెట్టుకున్న ఒప్పందం లేకపోతే ఆ సరంజామా అంతా ఆలస్యంగానే చేరుతుంది.

ఆ రాత్రి ఏం జరిగిందో సాంకేతికంగా చూస్తే విషయం తేటపడుతుంది. బుడమేరు వరద నగరం మీదికి రాకుండా వెలగలేరు దగ్గర 11 గేట్ల రెగ్యులేటర్ కట్టి, అక్కడి నుంచి మళ్లింపు కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలో కలిపారు. పోలవరం కుడి కాలువ కూడా దీంట్లోకే వస్తుంది. ఆ కాలువ మోయగలిగేది దాదాపు 15 వేల క్యూసెక్కులు. ఆ రోజు వచ్చిన నీరు అంతకు రెట్టింపు కంటే ఎక్కువ. పైగా అదే సమయంలో కృష్ణ కూడా బ్యారేజీ చరిత్రలో లేనంతగా ఉప్పొంగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. నది నిండుగా ఉంటే కాలువ నీరు అందులోకి దిగదు, వెనక్కి తంతుంది. ఒత్తిడికి మళ్లింపు కాలువ ఎడమ కట్టకు కొండపల్లి సమీపంలో మూడు చోట్ల గండ్లు పడ్డాయి. వెలగలేరు గేట్లెత్తితే నీరు పాత బుడమేరు దారిన నగరంలోకే వస్తుంది. ఎత్తకపోతే రెగ్యులేటరే ప్రమాదంలో పడుతుంది. గేట్లెత్తడం తప్పా ఒప్పా అన్న వాదన రాజకీయ వేదికలకు పనికొస్తుంది. గేటు ఎత్తాలన్న నిర్ణయానికీ ఆ నీరు సింగ్‌నగర్ చేరడానికీ మధ్య ఉన్న గంటల్లో ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో, ఆ ఫోన్ అందుకున్నవాళ్లు ఏం చేయాలో కాగితం మీద ఉందా అన్నదే పాలనకు సంబంధించిన ప్రశ్న.

తుపాను పాఠం వాగుకు సరిపోదు

తుపానుల విషయంలో మనం చాలా నేర్చుకున్నాం, ఈ మాట గట్టిగానే చెప్పాలి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన వేల ప్రాణాలు తీసింది. 1996 నవంబరులో కోనసీమ తుపానుకూ వెయ్యి మందికి పైగా బలయ్యారు. ఆ తర్వాత తీరం పొడవునా తుపాను షెల్టర్లు, వాతావరణ శాఖ బులెటిన్లు, మత్స్యకారులకు ముందస్తు హెచ్చరికలు, గర్భిణులను ప్రసవ తేదీ చూసి ఆసుపత్రులకు తరలించడం ఒక అలవాటుగా స్థిరపడ్డాయి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2025 అక్టోబరు 28న మొంథా తీరం దాటినప్పుడు ఆ అలవాటు పనిచేసింది.

అయితే తుపాను మూడు నాలుగు రోజుల ముందే చెప్పి వస్తుంది. ఆ వ్యవధికి తగ్గట్టే మన యంత్రాంగం అలవాటుపడింది: ముఖ్యమంత్రి సమీక్ష, జిల్లాకో ప్రత్యేక అధికారి, కలెక్టర్ టెలీకాన్ఫరెన్స్, అక్కడి నుంచి తహసీల్దార్, వీఆర్వో. ఈ గొలుసు పూర్తవడానికి సగం రోజు పట్టినా తుపానుకు ఫరవాలేదు. వాగు పొంగితే చేతిలో ఉండేది ఐదారు గంటలు, అదీ చాలాసార్లు అర్ధరాత్రి. పై నుంచి ఆదేశం వచ్చాక కదిలే పద్ధతి అక్కడ విఫలమై తీరుతుంది. వాగు వరదలో నిర్ణయం అంతకు ముందే, ఎండాకాలంలో జరిగిపోవాలి. రాత్రి మిగిలేది అమలే.

ఖమ్మం ఇందుకు ఇంకో కోణం చూపిస్తుంది. మున్నేరుకు గీతలున్నాయి. 16 అడుగులకు మొదటి హెచ్చరిక, 24కి రెండోది. 2024 సెప్టెంబరు 1న నీరు 36 అడుగులు దాటింది. 24కీ 36కీ మధ్య పన్నెండు అడుగుల తేడా ఉంది. ఆ పన్నెండు అడుగుల్లో ఏ కాలనీ ఏ అడుగుకు ఖాళీ చేయాలో చెప్పే మూడో, నాలుగో గీతలు ఉండి తీరాలి. ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది గంటల తరబడి చిక్కుకుపోతే చివరికి వాళ్లను తెచ్చింది ఒక జేసీబీ డ్రైవర్ సాహసం. ఆ సాహసానికి చేతులెత్తి నమస్కరించాల్సిందే. అయితే వంతెన మీదికి రాకపోకలు ఎన్ని అడుగుల దగ్గర ఆపాలి, గేటు వేసి తాళం ఎవరి దగ్గర ఉండాలి అన్నది ముందే తేలి ఉంటే ఆయన ప్రాణం పణంగా పెట్టాల్సిన అవసరం వచ్చేది కాదు.

ఒక్క పేజీ పట్టిక

అందుకే కావలసిన మొదటి సంస్కరణ కొత్త సంస్థా కాదు, కొత్త యాప్ కూడా కాదు. ఒక్క పేజీ పట్టిక. ఎడమ వైపు నీటి మట్టం, దాని పక్కన చేయాల్సిన పని, ఆ పక్కన చేసే మనిషి హోదా, చివర ఎన్ని నిమిషాల్లో. విపత్తు నిర్వహణ చట్టం 2005 ప్రకారం ప్రతి జిల్లాకూ ప్రణాళిక ఉండాలి. ఉంటుంది కూడా, వందల పేజీల్లో. అందులో జిల్లా చరిత్ర, జనాభా, వర్షపాతం సగటు, శాఖల ఫోన్ నంబర్లు ఉంటాయి. అర్ధరాత్రి రెండు గంటలకు గేటు దగ్గరుండి దాన్ని ఎత్తి దించే లష్కర్‌కు అందులో ఒక్క వాక్యం కూడా అక్కరకు రాదు.

వెలగలేరునే ఉదాహరణగా తీసుకుందాం. ఎగువన వర్షమాపకాల్లో మూడు గంటల వాన ఒక అంకె దాటితే మొదటి గీత: లష్కర్లు, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గేటు దగ్గరే ఉండాలి, జనరేటర్‌లో డీజిల్ చూసుకోవాలి, వార్డు సచివాలయాల సిబ్బంది ఫోన్లు ఆన్‌లో ఉన్నాయో లేదో కాల్ చేసి సరిచూడాలి. రెగ్యులేటర్ దగ్గర మట్టం ఇంకో అంకె దాటితే రెండో గీత: వీధుల్లో మైకు, ‘మోటార్లు వేసి ట్యాంకులు నింపుకోండి, బండ్లు ఫ్లైఓవర్ మీదికి చేర్చండి, కాగితాలు, మందులు పై అంతస్తుకు పెట్టుకోండి’ అని. గేటు ఎత్తాలన్న నిర్ణయం జరిగిన క్షణం మూడో గీత: నేల ఇళ్లు, రేకుల షెడ్లలో ఉన్నవాళ్లు ఫలానా స్కూలుకు, అపార్ట్‌మెంట్ల వాళ్లు పై అంతస్తుకు. కట్టడానికి తక్షణ ప్రమాదం లేనప్పుడు నిర్ణయానికీ గేటు ఎత్తడానికీ మధ్య కనీసం ఒక గంట వ్యవధి ఉండాలి. ఆ గంట వీధిది.

ఇందులో వరుస చాలా ముఖ్యం. మీటరు బోర్డుల్లోకి నీళ్లు చేరకముందే కరెంటు ఆపాలి, లేకపోతే షాక్‌కు మనుషులు పోతారు. కానీ కరెంటు ఆపగానే మోటార్లు ఆగుతాయి, మినరల్ వాటర్ ప్లాంట్లు ఆగుతాయి, సెల్ టవర్లు బ్యాటరీ మీదికి వెళ్లి కొన్ని గంటల్లో మూగబోతాయి. కాబట్టి ట్యాంకులు నింపమనే మాట ముందు, కరెంటు ఆపడం తర్వాత. ఏ ఫీడరు ఏ వీధికి వెళ్తుందో విద్యుత్ ఏఈకి తెలుసు. నీళ్లు ఏ వీధికి ముందు వస్తాయో జలవనరుల ఏఈకి తెలుసు. వాళ్లిద్దరూ మే నెలలో ఒక మ్యాపు ముందు గంటసేపు కూర్చుంటే చాలు, ఈ వరుస తేలిపోతుంది. ఆ కూర్చోవడమే జరగడం లేదు.

ఫోన్లకు వచ్చే హెచ్చరికలూ మారాలి. ‘భారీ వర్షాలు కురిసే అవకాశం, లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి’ అనే సందేశం వానాకాలంలో ఎన్నిసార్లు వస్తుందో లెక్కలేదు. తాము లోతట్టులో ఉన్నామని ఎవరూ అనుకోరు. ‘ఫ్లైఓవర్ కింద నడుము లోతు, లోపలి వీధుల్లో తలుపు ఎత్తు నీరు తెల్లవారేలోపు రావచ్చు’ అంటే మనిషి లేచి కూర్చుంటాడు. లోతును గుర్తుల్లో చెప్పాలి: మోకాలు, నడుము, తలుపు. 2024 వరద ఎంత ఎత్తుకు వచ్చిందో ప్రతి వీధిలో కరెంటు స్తంభానికి ఎర్ర గీత గీసి తేదీ రాస్తే, తర్వాతి హెచ్చరికకు అదే కొలబద్ద అవుతుంది. దీనికయ్యే ఖర్చు రంగు డబ్బా, కుంచె.

పడవల లెక్క

రక్షణ చర్యలతోనే గట్టెక్కుతామన్న నమ్మకం ఎందుకు ప్రమాదకరమో ఒక చిన్న లెక్క చెబుతుంది. రబ్బరు పడవకు ఎనిమిది మంది అనుకుందాం. ఇరుకు వీధులు, మునిగిన బండ్లు, వేలాడే వైర్ల మధ్య వెళ్లి రావడానికి నలభై నిమిషాలు. వెలుతురుండే పది గంటల్లో పదిహేను ట్రిప్పులు, అంటే రోజుకు 120 మంది. యాభై పడవలుంటే ఆరు వేల మంది. గన్నవరం దగ్గర కొండపావులూరులో జాతీయ విపత్తు స్పందన దళం 10వ బెటాలియన్ ఉండటం విజయవాడ అదృష్టం. అయినా లక్షల మంది నీళ్ల మధ్య ఉన్నప్పుడు ఏ దళమూ అందరినీ మోసుకురాలేదు. కదలాల్సిన వాళ్లలో ఎక్కువ మంది నీళ్లు రాకముందే సొంత కాళ్ల మీద కదలాలి. పడవలు మంచం పట్టినవాళ్లకు, బాలింతలకు, డయాలసిస్ రోగులకు మిగలాలి. వాళ్లెవరో, ఏ ఇంట్లో ఉన్నారో ఆశా కార్యకర్త, ఏఎన్ఎం దగ్గర జాబితా ఉంటుంది. ఆ జాబితా పడవ నడిపేవాడి చేతికి చేరే దారే లేదు.

తాగునీరు ఇంకా కఠినమైన లెక్క. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కనీస ప్రమాణాల ప్రకారం మనిషికి రోజుకు మూడు లీటర్ల తాగునీరు ఇవ్వాలి. రెండు లక్షల మందికి ఆరు లక్షల లీటర్లు. పదివేల లీటర్ల ట్యాంకర్లయితే అరవై. కానీ ట్యాంకరు ఫ్లైఓవర్ చివర ఆగిపోతుంది. అక్కడి నుంచి పడవకు లీటరు సీసాలు నాలుగు వందలు వేసినా పదిహేను వందల ట్రిప్పులు కావాలి, ఒక్క రోజుకు. అందుకే రెండో గీత దగ్గర మైకులో చెప్పాల్సిన మాటల్లో ఇది ముఖ్యమైనది: ఐదుగురున్న ఇంటికి మూడు రోజులకు 45 లీటర్లు కావాలి, అంటే రెండు క్యాన్లు, ఒక బిందె. ఇవి పైకి చేర్చుకుంటే మొదటి మూడు రోజులు పడవలు మనుషుల్ని తేవడానికి ఖాళీ అవుతాయి.

పంపిణీలో తప్పు ఎక్కడ జరుగుతుందో విజయవాడ స్పష్టంగా చూపింది. ఆహార పొట్లాలు లక్షల్లో వచ్చాయి, స్వచ్ఛంద సంస్థలు రాత్రింబవళ్లు వండాయి. అయినా లోపలి వీధులకు అందలేదన్న ఆవేదన రోజుల తరబడి వినిపించింది. పొట్లం దించే చోటు దగ్గరున్నవాడికి ముందు అందుతుంది, వాడికే మళ్లీ అందుతుంది. దీనికి మందు ఒకటే. పడవ మొదట చివరి వీధికి వెళ్లాలి, వెనక్కి వస్తూ పంచాలి. ప్రతి పడవకూ ఒక వీధి కేటాయించి, ఆ వీధి మనిషినే ఒకరిని ఎక్కించుకోవాలి. డ్రోన్లు వాడటం మంచి ప్రయత్నమే. మందులకు, పసిపిల్లల పాలపొడికి అవి సరైన సాధనం. అన్నం పొట్లాలకు అవి మోసే బరువు చాలదు.

నీళ్లు తీశాక బురద కడగడంలోనూ వరుస ఉంది. అగ్నిమాపక శకటాలతో ఇళ్లు కడిగించడం విజయవాడలో జరిగిన మంచి పని, ముందుముందు ప్రతి చోటా అనుసరించాల్సినది. అయితే వీధి డ్రెయిన్లో పూడిక తీయకుండా ఇల్లు కడిగితే అదే బురద సాయంత్రానికి గుమ్మంలోకి వస్తుంది. ముందు డ్రెయిన్, తర్వాత వీధి, ఆ తర్వాత ఇల్లు, చివర సంపు. సంపు కడిగి క్లోరిన్ వేశాక కానీ ఆ నీరు వాడకూడదు. మునిగిన బండి స్టార్ట్ చేయొద్దన్న మాట కూడా మొదటి రోజే మైకులో చెప్పాలి. నీళ్లున్న ఇంజిన్ తిప్పితే అది పాడవడమే కాదు, ఆ నష్టాన్ని బీమా కంపెనీ ఒప్పుకోకపోవచ్చు.

చట్టం మారింది, గేటు తాళం మారలేదు

విపత్తు నిర్వహణ చట్టానికి 2025లో సవరణ వచ్చింది. రాష్ట్ర రాజధానులకు, నగర పాలక సంస్థలున్న పెద్ద నగరాలకు విడిగా పట్టణ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ ఏర్పాటు చేసుకోవచ్చు. మునిసిపల్ కమిషనర్ దానికి సారథి. ఆలోచన మంచిదే, ఎందుకంటే నగర వరదకు కాలువలు, డ్రెయిన్లు, ఆక్రమణలు, చెత్త అన్నీ కార్పొరేషన్ చేతిలోనివే. కానీ బుడమేరు విషయంలో చిక్కుంది. వెలగలేరు రెగ్యులేటర్ విజయవాడ కార్పొరేషన్ హద్దుల్లో లేదు. గేట్లు జలవనరుల శాఖవి. గండ్లు పడింది కొండపల్లి వైపు. దిగువన నీరు బయటికి పోవాల్సిన ఏనికెపాడు దగ్గరి నిర్మాణమూ కార్పొరేషన్‌ది కాదు. నగర ప్రాధికార సంస్థకు నీళ్లు వస్తాయి, గేటు మీద అధికారం రాదు.

వాగు పరీవాహకం మొత్తాన్ని ఒక ప్రాంతంగా ప్రకటించి, ఆ ప్రాంతం మీద గేటు ఎత్తే సమాచారాన్ని ముందుగా పొందే హక్కును ప్రాధికార సంస్థకు రాతపూర్వకంగా ఇవ్వకపోతే ఈ సవరణ బోర్డు మార్పుతో ఆగిపోతుంది. నగర సరిహద్దు గీసింది ఎన్నికల కోసం, పన్నుల కోసం. వరద దాన్ని పట్టించుకోదు. ఇదే సవరణ, విపత్తు బాధితుల రుణాల చెల్లింపులో ఊరటకు వీలు కల్పించే 13వ సెక్షన్‌ను తొలగించింది. బాధితుడికి చట్టంలో ఉన్న కొద్దిపాటి ఆసరాల్లో అదొకటి. దాన్ని తీసేయడం సరికాదు.

డబ్బు ఎప్పుడు వస్తుంది, దేనికి వస్తుంది

15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి రాష్ట్రాల విపత్తు నిధులను ఒక చక్కటి నిష్పత్తిలో విడగొట్టింది. వందలో 20 నష్ట నివారణకు, 40 తక్షణ సహాయానికి, 30 పునరుద్ధరణకు, 10 సన్నద్ధతకు. మన లాంటి రాష్ట్రాలకు కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం భరించాలి. కాగితం మీద ఇది ముందడుగే. ఆచరణలో తక్షణ సహాయం మిగతావన్నీ మింగేస్తుంది. ఎందుకంటే నీళ్లలో ఉన్నవాడికి అన్నం పెట్టాలన్న ఒత్తిడి కళ్లెదుట ఉంటుంది. వర్షమాపకానికి బ్యాటరీ మార్చాలన్న ఒత్తిడి ఎవరికీ కనిపించదు.

విజయవాడ వరద కేలండర్ చూడండి. 2024 సెప్టెంబరు మొదటి వారంలో నష్టం. రాష్ట్ర ప్రభుత్వ ప్రాథమిక అంచనా దాదాపు రూ.6,880 కోట్లు. అక్టోబరు 1న కేంద్రం విడుదల చేసిన రూ.1,036 కోట్లు రాష్ట్ర విపత్తు స్పందన నిధికి ఎలాగూ రావలసిన కేంద్ర వాటాలోవే. జాతీయ నిధి నుంచి అదనపు సాయం, ఆంధ్రప్రదేశ్‌కు రూ.608.08 కోట్లు, తెలంగాణకు రూ.231.75 కోట్లు, ఉన్నత స్థాయి కమిటీ ఆమోదం పొందింది 2025 ఫిబ్రవరి 19న. వరదకూ దానికీ మధ్య ఐదున్నర నెలలు. ఈ లోపు నడిపేది జిల్లా కలెక్టర్లకు ట్రెజరీ నిబంధన టీఆర్-27 కింద ఇచ్చే, ఖజానా నుంచి అత్యవసరంగా డబ్బు తీసుకునే వీలు, రాష్ట్రం అప్పు, దాతల విరాళాలు. కేంద్ర బృందం రావడం, వినతిపత్రం, ఉపసంఘం, ఉన్నత స్థాయి కమిటీ అన్న మెట్లన్నీ తీసేయమని ఎవరూ అనరు. అయితే ఉపగ్రహ చిత్రంలో ముంపు విస్తీర్ణం తేలిన పదిహేను రోజుల్లో కొంత మొత్తం ముందస్తుగా ఇచ్చి, మిగతాది లెక్క తేలాక సర్దుబాటు చేయడం అసాధ్యమేమీ కాదు.

రాష్ట్రాలవైపూ తప్పుంది. జాతీయ నిధి నుంచి సాయమిచ్చేటప్పుడు ఆ ఏడాది మొదట్లో రాష్ట్ర నిధిలో మిగిలున్న సొమ్ములో సగాన్ని కేంద్రం మినహాయిస్తుంది. కాబట్టి ఖాతాల్లో ఏముందో, నిజంగా ఖర్చయిందేమిటో స్పష్టంగా ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో విపత్తు నిధి నుంచి పీడీ (పర్సనల్ డిపాజిట్) ఖాతాలకు మళ్లించిన రూ.1,100 కోట్లను తిరిగి జమ చేయాలని 2022 జులైలో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. విపత్తు నిధి ఖాతా నిల్వను ప్రతి మూడు నెలలకూ వెబ్‌సైట్‌లో పెట్టడం తప్పనిసరి చేస్తే ఇలాంటివి కోర్టుదాకా పోవు.

సాయం రేట్ల సంగతి ఇంకా విచిత్రం. 2022-26 కాలపు కేంద్ర నిబంధనల ప్రకారం ఇల్లు రెండు రోజులకు మించి తీవ్రంగా మునిగితే బట్టలకు రూ.2,500, పాత్రలకు రూ.2,500. పక్కా ఇల్లు పూర్తిగా పోతే మైదానంలో రూ.1.20 లక్షలు. పడవ పూర్తిగా పోయిన మత్స్యకారుడికి రూ.15 వేలు, వలకు రూ.4 వేలు. నీటి వసతి ఉన్న పంట 33 శాతానికి మించి దెబ్బతింటే హెక్టారుకు రూ.17 వేలు, అదీ రెండు హెక్టార్ల వరకే. ఈ రేట్లతో నిలదొక్కుకోవడం కష్టమని తెలిసే రాష్ట్రాలు పైన కలుపుతాయి. విజయవాడలో నీళ్లు చేరిన గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు రూ.25 వేలు, పై అంతస్తులకు రూ.10 వేలు, కిరాణా దుకాణానికి రూ.25 వేలు, బైకుకు రూ.3 వేలు ఇచ్చారు. అదే వానకు మునిగిన ఖమ్మంలో తెలంగాణ ప్రభుత్వం తక్షణ సాయంగా ఇంటికి రూ.10 వేలు ప్రకటించింది. రేపు ఇంకో జిల్లా మునిగితే ఎంతిస్తారో ఎవరికీ తెలియదు. ప్రతి విపత్తుకూ కొత్తగా రేటు నిర్ణయించడం వల్ల ప్రకటన రావడానికే రెండు వారాలు పడుతుంది, అప్పటిదాకా లెక్కింపు ఫారం కూడా ఖరారు కాదు. నీటి లోతు, ఎన్ని రోజులుంది, ఏ అంతస్తు అన్న మూడు కొలతల మీద రాష్ట్ర రేట్ల పట్టికను ముందే జీవోగా తేవాలి.

లెక్కింపులో జారిపోయేవాళ్లు

పునరుద్ధరణలో ఎక్కువ బాధ మిగిల్చేది ఎన్యుమరేషన్, అంటే ఇంటింటి నష్టం లెక్కింపు. బృందం వచ్చినప్పుడు ఇంటికి తాళం ఉంటుంది, ఎందుకంటే ఆ కుటుంబం బంధువుల ఊళ్లో తలదాచుకుంది. ఇంటి యజమాని వేరే ఊళ్లో ఉంటాడు, నష్టపోయింది అద్దెకున్నవాళ్లు. వాళ్ల ఆధార్‌లో పాత చిరునామా ఉంటుంది. సచివాలయం కుటుంబాల పట్టికలో వాళ్లు ఆ వార్డువాళ్లు కారు. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలుంటే ఒక కుటుంబమా రెండా అన్నది బృందాన్ని బట్టి మారుతుంది. జాబితాలో పేరున్నా బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం పాతదై డబ్బు వెనక్కి పోతుంది, లేదా ఎప్పుడో మరిచిపోయిన ఖాతాలో పడుతుంది. ఇలా తప్పిపోయినవాళ్లు కాగితాలు పట్టుకుని కలెక్టరేట్ ముందు వరుసలు కడతారు. కూలి పోగొట్టుకుని రోజుల తరబడి తిరుగుతారు. కోపగించుకోవడానికి వాళ్లకు పూర్తి హక్కుంది.

పొలంలోనూ ఇదే కథ. ప్రభుత్వ పంటల నమోదు వ్యవస్థ ఈ-క్రాప్‌లో సాగుదారు పేరు నమోదైతే ఇన్‌పుట్ సబ్సిడీ (పంట నష్ట సాయం) కౌలురైతుకు చేరే దారి ఉంటుంది. కౌలు కార్డుకు యజమాని సంతకం పెట్టని చోట, పంట వేసినవాడు నష్టపోతాడు, పాస్‌పుస్తకం ఉన్నవాడి ఖాతాలో డబ్బు పడుతుంది.

దీన్ని సరిచేయడానికి లెక్కింపును రెండు భాగాలు చేయాలి. మొదటి భాగం వానాకాలానికి ముందే: ముంపు గీత లోపలున్న ప్రతి తలుపుకూ ఒక నంబరు, అందులో ఇప్పుడు ఉంటున్నవాళ్ల పేరు, అద్దెనా సొంతమా, పనిచేసే ఖాతా. ఖాతా పనిచేస్తోందో లేదో ఒక్క రూపాయి పంపి మే నెలలోనే చూసుకోవచ్చు. రెండో భాగం నీళ్లు తీశాక: ఆ తలుపు దగ్గర గోడ మీద నీటి మరక ఎత్తు ఎంత, అంతే. టీవీ పోయిందా, ఫ్రిజ్ పోయిందా అని అడుగుతూ ఇంటికి అరగంట గడిపే బదులు, మరక కొలిచి ఫొటో తీస్తే ఐదు నిమిషాలు. మొదటి జాబితా వారంలో వీధి చివర గోడ మీద అతికించాలి. పక్కింటివాళ్లు చూసుకునే జాబితాలో దొంగ పేర్లు నిలవవు, నిజమైన పేర్లు జారిపోవు. అభ్యంతరాలు ఆ వార్డులోనే వినాలి, పది కిలోమీటర్ల అవతల కలెక్టరేట్‌లో కాదు. తిరస్కరిస్తే కారణం కాగితం మీద రాసివ్వాలి.

కట్ట, గేటు, లష్కర్

2024 సెప్టెంబరు 7న ఆర్మీ ఇంజినీర్ల సాయంతో మూడో గండి పూడ్చినప్పుడు నగరం ఊపిరి పీల్చుకుంది. అత్యవసరంగా రాళ్లు, ఇనుప వల బుట్టలు, బస్తాలు వేసి ఆపిన గండి కట్ట కాదు. రాళ్ల సందుల్లోంచి నీరు ఊరుతూనే ఉంటుంది. ఆ ఊట మట్టిని కొద్దికొద్దిగా మోసుకుపోతుంది. వర్షాలు తగ్గాక ఆ వదులు సరుకంతా తవ్వి తీసి, పాత కట్ట అంచును మెట్లుగా కోసి, బంకమట్టిని తగిన తేమతో అడుగు మందానికి మించని పొరలుగా వేసి రోలర్‌తో తొక్కించాలి. దిగువ పాదం దగ్గర ఇసుక, కంకర వడపోత పొర ఉండాలి. ఈ పని జనవరిలో మొదలుకాకపోతే జూన్ నాటికి పూర్తికాదు. విపత్తు నిధి నిబంధనలు ‘తక్షణ మరమ్మతు’కే డబ్బిస్తాయి కాబట్టి శాశ్వత పని వేరే పద్దులో, వేరే టెండర్‌లో ఇరుక్కుంటుంది. పునరుద్ధరణకున్న 30 శాతం వాటాను వాడాల్సింది సరిగ్గా ఇలాంటి చోటే.

గేట్ల పరిస్థితి కూడా పదే పదే హెచ్చరిస్తోంది. 2021 ఆగస్టు 5న పులిచింతల 16వ గేటు కొట్టుకుపోయింది. అదే ఏడాది నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య జలాశయం మట్టికట్ట తెగింది. ఉన్న ఐదు గేట్లలో ఒకటి అప్పటికే పనిచేయడం లేదు. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేటలు నామరూపాల్లేకుండా పోయాయి. 2024 ఆగస్టు 10న తుంగభద్ర 19వ గేటు పోయింది. మూడు వారాలకే ప్రకాశం బ్యారేజీలో కొట్టుకొచ్చిన పడవలు గేట్ల కౌంటర్‌వెయిట్లను (గేటు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మెలను) విరగ్గొట్టాయి. మొదటి హెచ్చరిక జారీ అయ్యేలోపు ఎగువనున్న ప్రతి పడవనూ ఒడ్డుకు లాగి కట్టేయించే బాధ్యత ఏ ఒక్క అధికారికైనా రాసి ఉంటే ఆ ప్రమాదం తప్పేది.

2021 డిసెంబరు 30న అమల్లోకి వచ్చిన ఆనకట్టల భద్రత చట్టం పెద్ద డ్యామ్‌లన్నిటికీ ఐదేళ్లలో అత్యవసర కార్యాచరణ ప్రణాళిక ఉండాలంది. వెలగలేరు లాంటి రెగ్యులేటర్లు సాధారణంగా దాని పరిధిలోకి రావు. నగరం మీదికి నీరు వదలగల ప్రతి గేటునూ, ఎత్తుతో నిమిత్తం లేకుండా, రాష్ట్రం తన సొంత నిబంధనతో ఇందులో చేర్చుకోవచ్చు. లష్కర్లు రిటైరైన చోట కొత్తవాళ్లు రాకపోతే, వైర్‌రోపుకు గ్రీజు పూసేవాడు లేకపోతే, ఏ సెన్సరూ గేటు ఎత్తదు.

కాబట్టి ప్రతి ఏటా మే చివరి వారంలో ఒక రాత్రి, ముందు చెప్పకుండా, కసరత్తు చేయాలి. వెలగలేరు నుంచి ‘మూడో గీత’ అని ఒక్క ఫోన్ వెళ్లాలి. జలవనరుల ఏఈ నుంచి పోలీస్ స్టేషన్‌కు, సచివాలయానికి, విద్యుత్ ఏఈకి అది చేరడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో, వాంబేకాలనీ చివరి వీధిలో మైకు ఎన్ని గంటలకు మోగిందో గడియారం చూసి రాయాలి. ఆ కాగితాన్ని మర్నాడు వార్డు సచివాలయం నోటీసు బోర్డుకు అతికించాలి.